మైకు బావ ఖాళీ ఫోల్డర్లు

ఏమే అమ్మడూ, ఆ డబ్బా ముందు తపస్సు చేస్తున్నావేంటి? ఏదీ, జరుగు, నన్నూ చూడనీ. ఓహో, అమ్మేముందు లోపలున్నదంతా చెరిపేసి ఆపరేటింగ్ సిస్టం మళ్ళీ కొత్తగా ఎక్కిస్తున్నావా? ఎక్కించు తల్లీ. ఆ గీత ఆ చివరికి పాకేలోపు నీకు పెళ్ళయి, పిల్లలు పుట్టి, వాళ్ళూ వచ్చి నీ పక్కన కూర్చుంటారు. నవ్వకు. ఈ చెరుపుడు చూస్తే మా మైకు బావ గుర్తొస్తాడు నాకు. ఎవరేంటే, మీ పెద్దమ్మమ్మ మొగుడు! నువ్వు పాకే వయసులో పోయాడులే, నీకేం తెలుస్తుంది. బస్టాండులో ఏ బస్సు ఎప్పుడొస్తుందో మైకులో చెప్పడం ఆయన ఉద్యోగం. ‘ప్రయాణికులకు విజ్ఞప్తి’ అన్నాడంటే తీగల మీది కాకులు కూడా వరసలో నిలబడేవి. అబద్ధమా? నువ్వు చూశావా, నేను చూశానా! సరే, అంత గొంతున్న మహానుభావుడు ఇంటికొచ్చి చెప్పులు విడిస్తే పెళ్ళాంతో ఒక్క ముక్క మాట్లాడడు. ఊరందరికీ దారి చెప్పే మనిషికి వంటింటి దారి తెలియదు. ఎందుకలిగారనుకున్నావు? పడుకునేటప్పుడు కిటికీ తెరవాలా మూయాలా అని! దేశాలు దేశాలే యుద్ధాలు ఆపేసి చేతులు కలుపుకున్నాయి గానీ వీళ్ళ కిటికీ గొడవ తెమల్లేదు. ఆయనకి బెట్టు, మా అక్కకి పంతం. ‘ముందు ఆయన మాట్లాడాలి’ అని అక్క. ‘ముందు మీ అక్కనే మాట్లాడమను’ అని బావ. మధ్యలో నేను, అటూ ఇటూ తిరిగి తిరిగి చెప్పులు అరగదీసుకోవడానికి.

మరి ఇల్లెలా నడిచిందంటావా? అక్కడే ఉంది అసలు సంగతి. వాళ్ళ కూతురు చదువయ్యాక వదిలేసిన కంప్యూటర్ ఒకటి ముందుగదిలో ఉండేది. ఒకరోజు బావ దాని తెర మీద కొత్త ఫోల్డర్ ఒకటి తెరిచి దానికి ‘చొక్కాకి గుండీ ఊడింది’ అని పేరు పెట్టి వెళ్ళిపోయాడు. లోపల ఏమీ లేదు, ఖాళీ. పేరే కబురు. అక్క వచ్చి చూసింది. ఊరుకుంటుందా? దాని పక్కన ఇంకోటి పెట్టింది, ‘సూది టీవీ మీద ఉంది, చేతులు మీకే ఉన్నాయి’ అని. అంతే, ఇక చూడు! ‘పాలు విరిగాయి.’ ‘మీ మొహం చూసి ఉంటాయి.’ ‘నా కళ్ళజోడు ఏది.’ ‘నెత్తి మీద.’ ‘నీ తమ్ముడు వస్తాడట.’ ‘వస్తే మీకేం బరువు.’ తెర నిండా ఫోల్డర్లే. వెనకాల ఏదో కొండల బొమ్మ ఉండేది, పాపం, కొండ మొత్తం కప్పబడిపోయింది. నేను వెళ్ళినప్పుడల్లా కాళ్ళు కడుక్కోకుండా ముందు అదే చదివేదాన్ని. అంత మంచి పత్రిక మళ్ళీ నా చేతికి రాలేదు.

అలా ఎంచక్కా సాగుతుంటే, కూరలో ఉప్పు మీద మాటా మాటా పెరిగింది. మాటా అంటే, ఫోల్డరూ ఫోల్డరూ. బావకి ముక్కు మీద ఉంటుంది కదా కోపం, ‘కంప్యూటర్ అమ్మేస్తున్నా’ అని పెట్టాడు. అక్క వద్దంటుందని ఆయన ఆశ. అక్క ఏం చేసింది? ‘అమ్ముకోండి’ అని పెట్టింది. ఆయన వెనక్కి తగ్గుతాడని ఈవిడ ఆశ. ఇద్దరికి ఇద్దరూ! ఉన్న ఒక్క నోరూ పంతానికి పోయి అమ్మకానికి పెట్టిన ఆలుమగల్ని ఇంకెక్కడైనా చూశావా? ఎదురింటి ట్యూషన్ టీచరు కొంటానంది. మెకానిక్ వచ్చాడు, సన్నగా చీపురుపుల్లలా ఉండేవాడు. ‘సార్, అంతా చెరిపేసి సిస్టం కొత్తగా వేస్తాను, మీ ఇంటి గుట్టు వాళ్ళకెందుకు’ అన్నాడు. తెర చూసి కాసేపు నోరెళ్ళబెట్టాడు. ‘అన్నీ ఖాళీ ఫోల్డర్లే సార్. ఏమైనా ఉంచమంటారా?’ బావ గొంతు సవరించుకున్నాడు, అక్క ఉన్న గుమ్మం వైపు ఓరగా చూశాడు. అక్క గోడ వైపు చూసింది. ‘ఖాళీవేగా, తుడిచెయ్’ అన్నాడు బావ. తుడిచేశాడు. అయిపోయింది. ఇన్నాళ్ళ కాపురం, చొక్కా గుండీతో సహా, ఒక్క నొక్కుడుకి మాయం.

కొత్త సిస్టం ఎక్కేదాకా ముగ్గురం నలుగురం ఆ గదిలో పీనుగు లేచిన ఇంట్లోలా కూర్చున్నాం. అక్క మొహంలో నెత్తురు చుక్క లేదు. రేపు పొద్దున ఆయనకి పాలు లేవని ఎలా చెప్పాలి? ఇక ఈ ఇంట్లో ఒకరు ఉన్నారని ఇంకొకరికి ఎలా తెలియాలి? అదీ దాని దిగులు. నోరు తెరిచి చెప్పదుగా! తెర తళతళలాడుతూ వచ్చింది, ఒక్క మచ్చ లేదు. మెకానిక్ టీ తాగడానికి అటు తిరిగాడో లేదో, బావ చటుక్కున వెళ్ళి కూర్చుని ఏదో టకటకా కొట్టి లేచిపోయాడు. చూస్తే ఆ మచ్చలేని తెర మధ్యలో ఒక్క ఫోల్డర్. ‘ఇప్పుడెలా.’

అక్క చదివింది. చెయ్యి చాచింది బదులు పెడదామని. అప్పటికే మెకానిక్ కీబోర్డు ఊడదీసి, తీగ చుట్టేసి అట్టపెట్టెలో పడేశాడు. అక్క చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. ఆ కుర్రాడికి జాలేసింది కాబోలు, ‘చెప్పండమ్మా, ఏం రాయాలో, మళ్ళీ తగిలించి నేను రాస్తాను’ అన్నాడు. అక్క కొంగుతో మొహం తుడుచుకుంది. ‘రాయి బాబూ. ఎలా ఏంటి, నోట్లో ఏమైనా నానబెట్టుకున్నారా, అని రాయి.’ బావ అందుకున్నాడు. ‘తన నోటికేం తెగులట, అని రాయి.’ ‘మొదట అలిగింది ఎవరట, అని రాయి.’ ‘చలికి వణుకుతుంటే కిటికీ తెరిచింది ఎవరు, అని రాయి.’ ‘నాకు ఊపిరాడకపోతే చచ్చానో బతికానో చూశారా, అని రాయి.’ ‘చూడకేం, రోజూ నువ్వు నిద్రపోయాక లేచి చూసేవాణ్ణే!’ అన్నాడు బావ.

అంతే. ‘అని రాయి’ అనడం మర్చిపోయాడు.

మెకానిక్ చిన్నగా సంచీ సర్దుకుని జారుకున్నాడు. డబ్బా టీచరింటికి వెళ్ళింది కూడా వీళ్ళకి తెలీదు. ఇక అక్కడినుంచి మొదలైంది చూడు వాగుడు! వీధి వీధంతా ఇళ్ళు ఖాళీ చేసి పోదామనుకున్నారు. బావ నా దగ్గర తల పట్టుకునేవాడు, ‘మరదలా, ఆ కంప్యూటర్ ఎందుకు అమ్మానే’ అని. మొహం మాత్రం చాటంత.

మొన్న అక్కని చూడ్డానికి వెళ్ళానా, గదిలో ఒక్కతే కూర్చుని ఎవర్నో తిడుతోంది. ‘ఎవర్నే?’ అన్నాను. ‘ఇంకెవర్ని, మీ బావనే’ అంది. ‘పొద్దున్నించీ అడుగుతున్నా, ఉలకడు పలకడు. మళ్ళీ మొదలెట్టాడు.’

...

ఏం లేదే. కంట్లో ఏదో పడింది. నీకు ఆకలేయట్లేదూ?