రాకాసి గుండ్ల నడుమ రాడు

హలో… ఆ, నేనే, పరమేష్‌ని— ఏందక్కా, నా వెంచర్ పక్కన రాకాసి గుండ్ల నడుమ తవ్వితే మనిషి బొక్కలు తేలినయా?

…మరి గందుకు వణుకుడేంది? ఎన్నడో ముత్తాతల ముత్తాతలను పెట్టిన జాగ అది. బొక్కలు కాక బూందీ లడ్డూలు దొరుకుతయా?

…అవ్, తెల్సు. రోడ్డు వెడల్పు చేసేముందు సర్వే చెయ్యాలె, పాతయి ఏమన్నుంటే కాపాడాలె. గా యమున మేడమే కద చేసేది? చూసిన. బ్రష్షు పట్టుకొని మన్నుకు పౌడర్ రాస్తున్నట్లుంటది. గంత చదువు చదివి కుండపెంకులు ఏరుకునుడు!

…ఆ, ఇగ ఈ దిక్కు రోడ్డు రాదు. సమాధులు ముట్టుకోనియ్యరు. అవతలికి జరుపుతరు.

…నీ ఇల్లు పోతది, పోనియ్. రెండర్రల రేకుల ఇంటికి ఇంత ఏడుపా? నా వెంచర్ గేటు, ముందటి ప్లాట్లు పోవాల్నా? మన్నెగూడల కిరాయికి ఉండు.

…ఏందీ? తొడబొక్కల ఇనుప రాడా?

…ఉంటది. ఇనుప యుగం సమాధులని ఆ మేడమే అనలేదా? మరి ఇనుముండక ప్లాస్టిక్ ఉంటదా? హహ్హ…

…స్క్రూలా?

…స్క్రూలు కూడానా…

…అయితే ఎవడో తాగుబోతోడు అయ్యుంటడు. ఆడ మస్తుమంది పడి ఉంటరు. నాకేం ఎరుక!

…మనల కన్న బాపుదా? దిమాక్ ఖరాబైందా నీకు? బాపు కాల్ల రాడేంది?

…అవ్, ట్రాక్టర్ మీదికెళ్లి పడ్డడు. కాలిరిగింది. పట్టీ కట్టిన్రు, గంతే కద—

…ఆపు జర. బాపు సమాధి వెంచర్ మూలకున్నది. పొలం నడుమ ఉంటే ప్లాట్లకు అడ్డమొస్తదని తీసి, ఆడ నల్ల గ్రానైట్‌తోని కట్టిచ్చిన. మొన్న పెద్దలకు పెట్టే పెత్రమాసకు నువ్వే కద అన్నం పెట్టి, కల్లు పోసి మొక్కినవ్—

…గ్రానైట్ పలక లేపిన్రా? ఎవలు?

…పోలీసులా? నా వెంచర్ల, నన్నడగకుంటనే?

…అవ్. లోపల ఖాళీనే.

…అవ్, పెత్రమాసనాడు కూడా ఖాళీనే. నువ్వు వట్టి సిమెంటుకు మొక్కినవ్. నిన్ను జూసి కార్ల కూసొని నవ్వుకున్న. సాలా?

…ఏడ్వకు, నీ మాట సమజైతలేదు… నీ పక్కన ఎస్సై ఉన్నడా? ఉండనియ్. ఇననియ్.

నేనే తీసిన. పొలం నడిమి పాత సమాధి పగలగొట్టి బాపును గోనెసంచిల ఎత్తుకపోయి ఆ గుండ్ల నడుమ పెట్టిన. ఈ చేతులతోనే. వట్టి రాళ్లయితే రోడ్డు ఆగకపోవచ్చన్నరు. బొక్కలుంటే ఆగుతదనుకున్న. బతికినన్నాళ్లు ఆ ముసలోడు నాకు అక్కరకు రాలే. సచ్చినంకనన్న రోడ్డుకు అడ్డం పండుకుంటడనుకున్న.

…చూసుకోలేదా అంటవేంది? మొకం అటు తిప్పి సంచి నింపిన. తొడబొక్కల ఏమున్నదో ఎవడు చూస్తడు!

…రాడు సంగతి నాకెట్ల ఎరుకుంటదే? దవాఖానల బాపు దగ్గర నువ్వున్నవ్…

నేను ఒక్కనాడన్న వచ్చిన్నా?