జేబు వెనక అస్తరు

టైలరు కొట్టు. తమ్ముడు బట్ట కత్తిరిస్తున్నాడు, అక్క ఇస్త్రీ చేస్తోంది.

“నీ చొక్కాలకి ఎడమ జేబు వెనకాల అస్తరు ఎందుకురా?”

“ఫ్యాషనక్కా.”

“నాలుగు చొక్కాలకీనా?”

“నాలుగు దిక్కులా ఫ్యాషనే.”

“దీనికి మరకుంది. నెత్తురు మరక.”

“సూది గుచ్చుకుంది.”

“వేలికి గుచ్చుకోవాల్సిన సూది రొమ్ముకి గుచ్చుకుందా?”

“గురి తప్పింది. వయసొచ్చింది కదా, సూదికి.”

“తమ్ముడూ.”

“ఇస్త్రీ పెట్టె చూసుకో, చొక్కా మాడుతుంది.”

“మాడనీ. పిల్లలెందుకు పుట్టలేదని పరీక్ష చేయించినప్పుడు డాక్టరు నీకో కాగితం ఇచ్చాడు. అందులో ఏముంది?”

“ఏముంది, నాకో క్రోమోజోము ఎక్కువని. మగాళ్ళకి ఒకటే ఎక్స్, నాకు రెండు. మనిషినేమో బక్కపలచన, లోపల డబుల్ ఎక్సెల్.”

“ఆ కాగితం ఏదీ?”

“నీ వెనకాల మేకుకి.”

“ఇక్కడన్నీ కత్తిరింపు నమూనాలేగా.”

“కాలరు నమూనా చూడు. అంత మందం కాగితం దొరికితే వదులుతానా? పదేళ్ళుగా ఊళ్ళో సగం మెడలు దాని మీదే తిరుగుతున్నాయి.”

“‘వీరికి మిగతా మగవాళ్ళ కంటే రొమ్ము క్యాన్సర్ ముప్పు చాలా ఎక్కువ. గడ్డ గానీ, నెత్తురు గానీ కనిపిస్తే వెంటనే...’ వెంటనే ఏంట్రా? ఇక్కడ మెడ వంపు వచ్చేసింది.”

“వెంటనే కత్తెర.”

“గడ్డ ఉందా?”

“గుండీ అంత.”

“చొక్కా గుండీయా, కోటు గుండీయా?”

“మొదట్లో చొక్కా గుండీ.”

“పద ఆసుపత్రికి.”

“అక్కడ బల్లల నిండా ఆడవాళ్ళే. ‘పేషెంటు ఏరీ, మీ ఆవిడా?’ అంటారు. నేను రాను. ఛాతీ కొలతలు తీసేవాణ్ణి, ఇచ్చేవాణ్ణి కాదు.”

“నేనూ నా గడ్డని ఇలాగే దాచాను, ఆరు నెలలు. ఏమైంది?”

“తీసేశారు.”

“అప్పట్నుంచీ నా జాకెట్లకి కుడివైపు దూది పెట్టి కుడుతున్నదెవరు?”

“గుండీల డబ్బా ఎక్కడ పెట్టావ్?”

“నీ చేతిలోనే ఉంది. ఎవరు కుడుతున్నారు?”

“నేనే.”

“ఎక్కడ ఎంత దూదో లోకంలో నీ ఒక్కడికే తెలుసు. నువ్వు పోతే, ఈ వయసులో ఇంకో టైలరు ముందు నిలబడి మొదట్నుంచీ చెప్పుకోమంటావా?”

“షట్టరు దించు, వెళ్దాం.”

“షట్టరుకి తగిలించే పలక మీద ఏం రాయను? నా ఆపరేషనప్పుడు ‘అక్క కాలు బెణికింది’ అని రాశావు. ఈసారి నీ కాలు బెణికించనా?”

“మనింట్లో ఇక కాళ్ళు బెణకవు. సుద్ద ఇలా ఇవ్వు.”

“అంతంత అక్షరాలేంట్రా? ఎదురు షెడ్డులో మెకానిక్ చూస్తున్నాడు.”

“వాడి కోసమే. గట్టిగా చదువు.”

“‘టైలరు రొమ్ము పరీక్షకి వెళ్ళాడు. మగవాళ్ళూ, జేబు వెనకాల మీరూ ఓసారి తడిమి చూసుకోండి. చొక్కాలు రేపు.’”