కనపడని అక్షరాలు

లాయరు గది బయట బెంచీ మీద ఇద్దరు ఆడవాళ్లు ఒకే లాప్‌టాప్ మీదికి వంగి కూర్చున్నారు.

"మళ్లీ పాస్‌వర్డు తప్పంటోంది. లోపలున్న ఫొటోలు ఇక పోయినట్టేనా?"

"ఎక్కడికీ పోవు వదినా. ఏదీ, నా ముందు కొట్టు."

"చూడు, ఎంత కొట్టినా ఒక్క అక్షరం పడట్లేదు. చుక్కలైనా రావట్లేదు. మీటలు పాడయ్యాయేమోనని ఒక్కోటీ రెండేసిసార్లు నొక్కాను."

"అయ్యో, అదే కొంప ముంచింది! ఈ లాప్‌టాప్ నడిచేది విండోస్ మీద కాదు, లినక్స్ మీద. దీని నల్ల తెర మీద పాస్‌వర్డు కొడితే ఏమీ కనపడదు. పక్కనున్నవాళ్లకి అందులో ఎన్ని అక్షరాలున్నాయో కూడా తెలియకూడదని అలా పెట్టారు. నువ్వు మామూలుగా కొట్టేసి ఎంటర్ నొక్కు."

"అమ్మయ్య, తెరుచుకుంది! ఇదిగో, నా చెయ్యి వాచినప్పటి ఫొటో. మీ అన్నయ్య పెట్టిన మెసేజీలూ ఉన్నాయి."

"లాయరుకి అన్నీ చూపించు. మా అన్నయ్యేనని నా ముందు మొహమాటపడకు."

"నా ఫోనంతా ఆయన వెతుకుతుంటే ఈ లాప్‌టాప్ తెచ్చిచ్చావు. ఇవాళ తోడొచ్చావు. నీ రుణం ఎలా తీర్చుకోను?"

"ఆడపడుచు అర్ధమొగుడంటారుగా, భరించు."

"అయితే నాకు దక్కిన మంచి సగానివి నువ్వేనమ్మా. పద, లోపలికి పిలుస్తున్నారు."