గాయం లేకుండా పడిన మచ్చ

నా పదవీ విరమణ సభకు అధ్యక్షత వహిస్తున్న మా ప్రధానోపాధ్యాయురాలు జానకి మేడం గారికి, తుంగతుర్తి నుంచి ఎండలో రెండు బస్సులు మారి వచ్చిన మా ఊరి పెద్దలకు, ఈ నేరేడుచర్ల బడిలో నాతో ఇన్నేళ్ళు వేగిన తోటి ఉపాధ్యాయులకు, వరసలో నిలబడమంటే ఎన్నడూ నిలబడని నా పిల్లలకు నమస్కారం.

ఇందాక మాట్లాడిన వారంతా "మల్సూర్ సార్ గంభీరమైన మనిషి, ఊరికే నవ్వరు" అని పొగిడారు. ఆ పొగడ్త నాకు చెందదు. నేను నవ్వక కాదు, నవ్వు రాక. (నవ్వులు) అది స్క్లెరోడెర్మా అనే జబ్బు. రోగాలతో కొట్లాడాల్సిన ఒంటి రక్షణ బలగం దారితప్పి సొంత ఒంటిమీదే పడుతుంది, చర్మం బిగుసుకుపోతుంది.

ఆరేళ్ళ క్రితం డిసెంబరులో, ఉదయం ప్రార్థనలో నా వేళ్ళు తెల్లబడి, ఆ తర్వాత నీలంగా మారాయి. పిల్లలు సిరా అనుకున్నారు, నేను చలి అనుకొని మందుల షాపులో మూడు రకాల లేపనాలు కొన్నాను. కొన్నాళ్ళకు ముఖం బిగిసింది, నోరు చిన్నదైంది, ఆటల సారునై ఉండి విజిల్ ఊదితే గాలి పక్కలనుంచి పోయేది. తనిఖీకి వచ్చిన అధికారి ఒకాయన, తను వేసిన జోకుకు నేను నవ్వలేదని కంగారుపడి, అడగకముందే రెండు వాలీబాల్ నెట్లు మంజూరు చేశారు. (నవ్వులు) ఇంట్లో మా ఆవిడ సువర్ణ మాత్రం, "నీ మొకం సూస్తే కోపమొచ్చిందో ఆకలైతుందో తెల్వకుంటున్నది, జర నోటితోని చెప్పు" అన్నది.

నవ్వులాట అక్కడితో ఆగింది. అంటుకుంటుందేమోనని స్టాఫ్‌రూంలో కుర్చీలు ఒక్కొక్కటే నాకు దూరం జరిగాయి. మొదట జరిగింది లెక్కల సుధాకర్ సార్ కుర్చీ. తల దించుకోకండి సార్, చెప్పమన్నది మీరే. నేను సైకిల్ స్టాండ్ దగ్గర కూర్చొని తినడం మొదలుపెట్టాను. ఒకరోజు జీవశాస్త్రం చెప్పే ఊర్మిళ మేడం అక్కడికే వచ్చి, నా డబ్బాలోంచి పప్పన్నం ఓ ముద్ద తిని, "గిది అంటుకునేది కాదు సార్. అంటుకునేదే అయితే మీ ఇంటామెకు ఎప్పుడో అంటేది. మీరు నాలుగు మెట్లెక్కితే ఆయాసపడుతున్నరు, నాకు గదే పరేషాన్. రేపే హైదరాబాద్ పోండ్రి" అన్నారు.

సువర్ణా నేనూ వెళ్ళాం. డాక్టరు గారు స్కానింగ్ ఫిల్ములు చూపించి, "గాయం మానినకాడ మచ్చ పడ్తది కదా. మీకు గాయం లేకుండనే ఊపిరితిత్తుల్ల మచ్చ పడుతున్నది. పడ్డది పోదు. ఇగ పెరగకుండ మందులతోని ఆపే ప్రయత్నం చేద్దాం" అన్నారు.

మరుసటి నెల ఆసుపత్రిలో పరీక్షలకు బయలుదేరుతుంటే ఇంటి ముందు కారు ఆగింది. సుధాకర్ సార్. ఎందుకు వచ్చారంటే, "కుర్చీ జరిపిన పాపం పోవాలె, ఎక్కుండ్రి" అన్నారు. అప్పటినుంచి మూడు నెలలకోసారి ఆయనే తీసుకెళ్ళారు. ఆయన కారు నడిపే తీరుకు ఆరోగ్యవంతుడికైనా ఊపిరి ఆడదు. (నవ్వులు)

మొన్న డాక్టరు గారు, మచ్చ రెండేళ్ళుగా పెరగలేదన్నారు. వరండాలోకి రాగానే సుధాకర్ సార్ బావురుమన్నారు. రోగి ఎవరో అర్థం కాక నర్సమ్మ ఆయన్ని కూర్చోబెట్టి బీపీ చూసింది. నాకంటే ఎక్కువే ఉంది.



చలికి వేళ్ళు తెల్లబడితే మీరెవరూ లేపనాలతో సరిపెట్టుకోకండి, డాక్టరుకు చూపించుకోండి. శాలువా కప్పినందుకు జానకి మేడం గారికి, పప్పన్నం తిన్నందుకు ఊర్మిళ మేడం గారికి నా కృతజ్ఞతలు. పిల్లలూ, భోజనాలు సిద్ధంగా ఉన్నాయట, పదండి. ఈ ఒక్కరోజు తోసుకున్నా ఏమీ అనను. మీ అందరి దగ్గరా సెలవు తీసుకుంటున్నాను.