బల్ల మోసిన బరువు

నాకు రక్తపరీక్షలెందుకమ్మాయ్? ఆ సూది పక్కన పెట్టు. వారం వారం చిక్కిపోతున్నానా? ఎవరు చెప్పారు, నీ తూకం మిషనా? ఇదిగో, బెల్టు చూడు. ఎప్పుడూ పెట్టే కన్నానికే పెట్టాను.

నవ్వకు. కాదులే, నువ్వు నవ్వట్లేదు. ఎదుటివాళ్లు నవ్వుతున్నారో లేదో ఈమధ్య నాకే తెలియట్లేదు.

అమ్మ నిలబడలేదు కదా. ఆవిణ్ణి ఎత్తుకుని మిషనెక్కుతాను, ఒక అంకె. కుర్చీలో కూర్చోబెట్టి నేనొక్కణ్ణే ఎక్కుతాను, ఇంకో అంకె. తీసేస్తే మిగిలింది అమ్మ. చిన్నప్పుడు నన్నూ ఇలాగే తూచిందట. వారం వారం పెరిగేవాణ్ణట అప్పుడు.

ముప్పై అయిదు కిలోల కన్నా తగ్గితే ఇక కీమో మందు ఎక్కించం, శరీరం తట్టుకోదు అన్నారు డాక్టరుగారు. తగ్గలేదుగా? పోయినవారం ముప్పై ఆరు, ఇవాళా ముప్పై ఆరే. "అమ్మగారు బాగానే ఉన్నారు, మీరే తగ్గిపోతున్నారు సార్" అంటావు నువ్వు.

నా క్లాసులో కూర్చున్నదానివేగా. కిలోలు ద్రవ్యరాశికి, బరువుకి న్యూటన్లు అని చెప్పి చెప్పి మార్కులు కోసేవాణ్ణి. నీకూ కోసే ఉంటాను. ఇప్పుడు డాక్టరుగారు బరువు ఇన్ని కిలోలంటే బుర్రూపుతున్నాను. దేంతో కొలిస్తేనేం, ఆవిడ కరిగిపోతూనే ఉంది.

సరే, ఒక ప్రశ్న. మిషన్ మీద నిలబడి, పక్కనున్న బల్లని అరచేత్తో కిందికి నొక్కితే ఏమవుతుంది? ఆలోచించు, తొందరేం లేదు.

ఆఁ. అంకె తగ్గుతుంది. నా బరువులో కొంత బల్ల మోస్తుంది, మిషన్‌కి తెలిసేది మిగిలినదే. నేను తగ్గినంతా అమ్మ లెక్కలో కలుస్తుంది.

అలా చూడకు. మొదటిసారి వేళ్లు ఆనించాను, అంతే. పోయినవారం అరచెయ్యి. ఇవాళ మోచెయ్యి కూడా వాల్చేశాను.

మందు ఎక్కిన రెండు రోజులూ మంచినీళ్లు కూడా కక్కేస్తుంది. నాకు ఏడుపు రాదు. బకెట్ కడిగేసి బడికెళ్తాను. చర్యకు ప్రతిచర్య అని బోర్డు మీద రాస్తాను. పిల్లలు నోట్సులోకి ఎక్కించుకుంటారు.

ఇందాక ఎత్తుకున్నప్పుడు చెవిలో అంది: "ఒరే, ఈసారి ఆ బల్ల మీద వాలకురా. నాకు చాలు."

కుర్చీలోంచి అన్నీ చూస్తూనే ఉందన్నమాట. అదిగో, కళ్లు మూసుకుంది గానీ నిద్రేం పోవట్లేదు.

అయినా వాలాను.

ఆ అంకె కొట్టెయ్. మళ్లీ ఎక్కుతాను. బల్ల అవతలికి జరుపు... వద్దులే, ఉండనీ. చేతులు కట్టుకుని నిలబడతాను.

నువ్వే చూసి రాసుకో. పైకి చదవకు.