మూరెడు అంబాసిడర్

అబ్బ, గోళ్లతో గీకకండీ! నిన్న వేసిన రంగది. పైకి ఆరినట్టే ఉంటుంది, లోపల ఇంకా పచ్చే. వేలికొసలతో తడమండి. ఆఁ... అలాగ. ముప్పై ఏళ్లు టాక్సీ తోలారు గానీ ఆ చేతులకి నెమ్మది మాత్రం రాలేదు.

ముందు ఒళ్లో సరిగ్గా పెట్టుకోండి. మూరెడు పైనే ఉంది. జారిందా, నా అయిదు నెలల పనీ గోదాట్లో కలిసినట్టే!

ఏంటీ, పోయినసారి కంటే బరువుగా ఉందా? ఉండదూ మరి!

పోయినసారి సంగతి నేనింకా మర్చిపోలేదండోయ్. మీ పుట్టినరోజుకని మన రూబీ కాకినాడలో నర్సు డ్యూటీలు చేసుకుంటూనే, అంబాసిడర్ కారు కిట్టు ఎక్కడ దొరుకుతుందా అని వెతికి వెతికి తెప్పించింది. అట్టపెట్టె నిండా ప్లాస్టిక్ ముక్కలు. "అసలు కారులో ఎనిమిదో వంతుంటుందమ్మా. నాన్న కళ్లతో చూడలేకపోయినా చేతులతో చూస్తాడు, నువ్వు అతికించు" అంది. అతికించాను. పాతికేళ్లు జాకెట్లు కుట్టినదాన్ని, నాకదో పనా! తెల్లరంగు వేశాను, అద్దాలు పెట్టాను. పక్కింటి వీరమ్మ వదిన చూసి "అచ్చం మీ బండేనమ్మా సత్యకుమారీ" అని బుగ్గలు నొక్కుకుంది. ఎంతో ఇదిగా తెచ్చి మీ చేతుల్లో పెట్టాను.

మీరేం చేశారు? రెండు నిమిషాలు తడిమి, "బాగుందే" అని స్టూలు మీద పెట్టేసి రేడియో అందుకున్నారు!

ఒళ్లు మండిపోయిందండీ నాకు. ఆ పూట పులుసులో ఉప్పు ఎక్కువైంది అందుకే, ఇప్పుడు చెబుతున్నా. "ఏం, బాలేదా?" అనడిగితే ఏమన్నారు? "బానే ఉందే, ఎవరి కారో గానీ" అన్నారు.

ఎవరి కారో!

రెండు రోజులు మీతో మాట్లాడలేదు. మూడోరోజు నేనే కళ్లు మూసుకుని తడిమి చూశాను. మీరన్నదే నిజం. ఆ రంగూ ఆ సింగారం కళ్లున్నవాళ్ల కోసం. వేళ్లకేముందక్కడ? సబ్బుపెట్టెలా నున్నగా ఉంది, అంతే. మీకు చూపు పోయిన ఈ ఎనిమిదేళ్లలో నాకు ఆ మాత్రం తట్టలేదే అనుకున్నాను.

అంతే, మొత్తం విప్పేశాను.

ఏదీ, బానెట్ ఎత్తండి. ముందు కొక్కెం నొక్కాలి... ఆయ్! ప్లగ్గుల వైర్లు తగిలాయా? నాలుగూ ఉన్నాయో లేదో లెక్కెట్టండి. పాడైన ఇయర్‌ఫోన్ వైరు కోసి పెట్టాను. రేడియేటర్ జాలీ ఏంటనుకున్నారు? మన టీ వడకట్టేదే. మొన్న వారం రోజులు టీలో పొడి తగులుతోందని గోల పెట్టారు చూడండి, ఆ పాపం ఇక్కడుంది.

ఇప్పుడు తలుపు తీయండి. గేరు రాడ్డు స్టీరింగ్ కిందే ఉందా? గొడుగు పుల్ల అది! స్టీరింగ్‌కి మీరు చుట్టిన తాడు గుర్తుందా? నైలాన్ దారంతో అచ్చం అలాగే చుట్టాను. మీ ఎడమ అరచెయ్యి ఆనేచోట మాత్రం గరుకు కాగితం పెట్టి రుద్ది అరగదీశాను. మీరు ముప్పై ఏళ్లకి అరగదీసింది నేను ముప్పావుగంటలో అరగదీశాను, ఎవరు గొప్పండీ?

ఆఁ, అది సొట్టే. రావులపాలెం అరటి మార్కెట్ దగ్గర గెలల లారీ వెనక్కొచ్చి గుద్దిందని మీరంటారు, మీరే వెళ్లి గుద్దారని ఊరంటుంది. గరిటె కాల్చి నొక్కాను. ఏంటీ, లోతెక్కువైందా? ఎక్కువేం కాలేదు. గుద్దినవాళ్లకి సొట్ట ఎప్పుడూ చిన్నదిగానే గుర్తుంటుంది.

కింద చెయ్యి పెట్టి చూడండి. చక్రాల లోపల. గరగరలాడుతోందా? ఏటిగట్టు మట్టేనండీ. ఎండబెట్టి, జల్లించి, బంకలో కలిపి పూశాను. లంక ఊళ్లకి పెళ్లివాళ్లని దింపి వచ్చినప్పుడల్లా ఆ మట్టి కడగలేక చచ్చేదాన్ని. ఇప్పుడు కూర్చుని మరీ పూశాను, నా తెలివి చూడండి!

నవ్వండి, నవ్వండి. ఈ నవ్వు కోసమే కదా ఇంత...

ఏమైందండీ? ఆగిపోయారేం?

డ్రైవరు సీటా... ఊఁ. రెక్సినే. దూది కూరి కుట్టాను. ఏ కొట్లోదా? ఏదో కొట్లోది, మీకెందుకూ... అయ్యో, ముక్కు దగ్గర పెట్టుకుంటారేంటి, రంగు అంటుకుంటుంది!

ఆ కుట్టా?

ఆ కుట్టు... మీదేనండీ. మన బండి సీటు చిరిగితే గాలపు దారంతో మీరే కుట్టుకున్నారు చూడండి, అదే. బండి మొత్తం మీద ఆ ఒక్కచోటే కొలత తప్పింది. ఎనిమిదో వంతు కాదది, అసలు కుట్టే. విప్పబుద్ధి కాలేదు.

ఇంక దాచి ఏం లాభం? చెబుతాను, వినండి. మన బండి కాకినాడలో పెళ్లిళ్లకి కార్లు తిప్పే ఆయనకి అమ్మానని చెప్పాను కదా. అమ్మలేదు. ఇంజన్ బ్లాకు పగిలిన బండి ఎవరు కొంటారండీ? హైవే పక్కన బుల్లబ్బాయి పాతినుము కొట్టుకి తోలించాను. అక్కడ ముక్కలు చేసేశారు. దగ్గర నిలబడి చూశాను. గ్యాస్ కట్టర్ పెట్టబోతుంటే, "ఒక్క నిమిషం ఆగు తమ్ముడూ" అని నా కత్తెరతో ఈ ముక్క కోసుకుని, తెచ్చి బీరువాలో దుప్పట్ల కింద దాచాను.

షుగరు మీ కళ్లని తినేసిన రోజులవి. ఆస్పత్రి నుంచి వచ్చి గుమ్మంలో మీరడిగిన మొదటి మాటేంటో తెలుసా? "బండెక్కడుందే?" అని. ముక్కలైందని ఏ నోటితో చెప్పను? అబద్ధమే వచ్చింది నోటికి.

ఒక్కటైతే పోన్లే అనుకోవచ్చు. ప్రతి క్రిస్మస్‌కీ మీరు "కాకినాడ వెళ్లి ఓసారి బండిని తడిమొద్దామే" అనడం, నేను కొత్తది అల్లడం. ఓ ఏడు అన్నవరం పెళ్లికెళ్లిందన్నాను. ఓ ఏడు నీలిరంగు వేయిస్తున్నారన్నాను. ఏమీ తోచనప్పుడు వాళ్లింట్లో కుక్క కరుస్తుందన్నాను! ఆ తర్వాత చర్చిలో కూర్చుంటే పాస్టరుగారు నన్నే చూసి మాట్లాడుతున్నట్టుండేది.

తిట్టండి. ఏదో ఒకటి అనండి.

ఏంటీ?

తెలుసా!

ఎవరు చెప్పారు? బుల్లబ్బాయా? ఆ వారమేనా? మీ చేతులు పట్టుకుని ఏడ్చాడా? వాడి దుంపతెగ, నాతో ఒక్క ముక్క అనలేదే!

మరి ఎనిమిదేళ్లూ నన్నెందుకండీ అలా వేపుకు తిన్నారు? కుక్క అన్నప్పుడు "ఏం కుక్కే?" అని కూడా అడిగారు కదండీ! నేను జాతి కూడా చెప్పాను! మీరేమో "ఆ జాతి మంచిదే, బండిని బాగా కాస్తుంది" అన్నారు. లోపల్లోపల నవ్వుకున్నారన్నమాట. అమ్మ... ఎంత గడుసువారండీ!

ఎందుకండీ మరి? నిజం చెప్పండి.

...

నేను చెబుతున్నంతసేపూ... బండి తిరుగుతున్నట్టే ఉండేదా?

ఊఁ.

ఏం లేదు, కంట్లో నలుసు. చక్రాల మట్టేదో రాలి ఎగిరినట్టుంది.

ఆ మాట ముందే చెప్పొచ్చు కదండీ. వైజాగ్ దాకా తిప్పేదాన్ని. తెలివితక్కువదాన్ని, అన్నవరంతో ఆపేశాను.