తెర మీద తెల్ల గీత

వాన మధ్యాహ్నం. మూత విప్పిన కంప్యూటర్ ముందు భర్త నేల మీద చతికిలపడ్డాడు. పక్కనే తలగడ మీద మోచేయి ఆన్చి భార్య ఒరిగింది.

“మళ్ళీ అదే. ఆపరేటింగ్ సిస్టమ్ దొరకలేదంటోంది. నల్ల తెర, మిణుకుమిణుకుమంటూ ఒక గీత.”

“నిద్రలో రెప్పలాడిస్తున్నట్టుంది, పాపం.”

“పాపమా! వారం నుంచి నా ప్రాణం తోడేస్తోంది. అంతా చెరిపేసి మళ్ళీ ఎక్కించాలేమో.”

“తొందరేముందండీ? చిన్నప్పుడు పడవలో నిద్రపోయి ఏదో ఊళ్ళో లేచానని నిన్న చెబుతూ ఆగిపోయారు. తర్వాతేమైంది?”

“ఎవరో ఆవిడ తల తుడిచి అన్నం పెట్టింది. ఆ గాజుల చప్పుడు ఇంకా వినిపిస్తుంది. అది నిజమో కలో కూడా తెలీదు... ఉండుండు, వెనకాల ఈ పెన్‌డ్రైవ్ ఏంటి?”

“నా పాటలది. దుమ్ము దులిపినప్పుడు పెట్టాను.”

“ఓరి దేవుడా! ఈ కంప్యూటర్ వారం నుంచీ తన డిస్కు వదిలేసి నీ పాటల్లో సిస్టమ్ కోసం వెతుక్కుంటోంది. చెప్పొద్దూ?”

“మొదటి రోజు నాకూ తెలీదు.”

“తర్వాత?”

“తర్వాత అనుమానం వచ్చింది. కానీ ఇది నడిచినన్నాళ్ళూ నాకు మీ వీపే కనిపించేది. ఈ వారమే మీ ముఖం చూశాను.”

“...ఇదిగో, నీ పాటలు పట్టుకో. చూశావా, వెలిగింది!”

“అయితే కుర్చీ ఎక్కండి. నేను వెళ్ళి టీ పెడతాను.”

“కూర్చో. ఆ పెన్‌డ్రైవ్ ఇలా ఇవ్వు.”

“మళ్ళీ ఎందుకు?”

“దీన్ని ఆపేసి, అది ఉన్నచోటే పెట్టేస్తాను. పడవ కథ ఇంకా అవలేదు.”